ఒకటికీ నూటికీ నడుమ



ఎండాకాలము సగము గడచి, పత్తికట్టె పీకి కుప్పవేసిన చేలు మరల దుక్కికి ఎదురుచూచుచున్న దినములలో మా మొగుళ్లపల్లికి వచ్చి బస్సు దిగినవారికి మొట్టమొదట వినబడునది మనుష్యుల మాట గాదు, ఇనుము కోయు కటింగు మెషీను కేక. 2016 అక్టోబరు 11వ తేదీన వరంగల్లు నుండి విడివడి జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరిన ఈ మండలకేంద్రములో ఎరువుల దుకాణముల తరువాత కన్నుల బడునవి వెల్డింగు షాపులే. ట్రాక్టరు ట్రాలీకి అడ్డకమ్మి విరిగినను, నాగటికర్రు అరిగినను, గేటుకు బందు ఊడినను రైతు పోవునది అచ్చటికే. ఐ.టి.ఐ.లో 30 ఏండ్లు ఫిట్టరు పని నేర్పి ఇంటికి చేరినవాడను గనుక, నా సాయంకాలములలో సగము ఆ షాపులలో ఒకదాని ముందరి బల్లమీదనే గడచుచున్నవి. ఈ ప్రసంగమునకు మూలమైన వస్తువును నేను చూచినదియు అచ్చటనే.

అది నడుమెత్తు ఇనుపగొట్టము. పైన చేతిపిడి, పిడికి సైకిలు బ్రేకుది ఒక లీవరు, లీవరునుండి క్రిందివరకు బ్రేకుతీగ. గొట్టము ప్రక్కన పత్తిగింజలు పోయుటకు ప్లాస్టిక్కు డబ్బా. డబ్బా అడుగున ఒక చిన్న రోలరు, ఆ రోలరుకు ఒక్క గింజ మాత్రమే పట్టునంత గుంట. గొట్టము కొసకు కొంగముక్కును బోలిన రెండు రేకుల మూతి. నిలుచుండియే మూతిని నేలలో గ్రుచ్చి లీవరు నొక్కినచో ముక్కు తెరచుకొని గింజ జారిపడును. కాలితో మన్ను త్రొక్కి మరొక అడుగు వేయవచ్చును. మృగశిర కార్తెలో తొలివాన పడిన మరునాటినుండి సాళ్లవెంబడి నడుము వంచి గింజలు పెట్టు ఆడకూలీల బాధ ఎరిగినవారికి ఈ గొట్టము విలువ వేరుగ చెప్పనక్కరలేదు. గింజ చూడబోయిన 475 గ్రాముల పాకెట్టు తొమ్మిదివందల రూపాయల మాట. ఒక్కచోట రెండుగింజలు జారినను రైతు ప్రాణము చివుక్కుమనును.

ఇటువంటి గ్రుచ్చుడుగొట్టములు ఇతరదేశముల చేలలో చిరకాలముగ ఉన్నవనియు, ఇది లోకములో ఎవ్వరును ఎరుగని వింత గాదనియు నే నెరుగుదును. కాని దీనిని తయారుచేసిన ఆ షాపు మెకానిక్కు పనిలో క్రొత్తది ఒకటి కలదు. మొదటి గొట్టము రేగడిచేనిలో అరగంటకే మొరాయించినది. తడిసిన నల్లమన్ను ముక్కున బిగిసి గింజకు దారి లేకుండపోయినది. ఆతడు రేకుల వాలును మార్చి, ముక్కు మూసికొనునప్పుడెల్ల లోపలి మన్నును గోకివేయు నాలుక యొకటి అతికించినాడు. రెండవ గొట్టము నడచినది. దానిని చేతబట్టి ఒక పూటయంతయు పనిచేసిన పెద్దామె చెప్పిన మాటను మాత్రము నేను మరువజాలను. "నడుం నొస్తలేదు బిడ్డా, మంచిగనే ఉంది. గని గింజ పడ్డదో పడలేదో కండ్లకు కనవడకపాయె. రేపు మొలక రాకుంటె మాటవడేది నేను గదా?"

ఇంజనీరింగు గ్రంథములలో ఈ ప్రశ్నకు అధ్యాయము లేదు. ఆతడు రెండుదినములు ఆలోచించి, గొట్టము పక్కన వ్రేలెడు పొడవున సందు కోసి, త్రాగి పారవేసిన నీళ్లసీసానుండి కోసిన ముక్కను అద్దముగ బిగించినాడు. గింజ దిగునప్పుడు ఒక క్షణము కనబడును. అంతే. ఆ కిటికీ బిగించిన పిమ్మట ఆమె ఇక గొట్టమును దింపలేదు.

ఇట్లు ఒకటి తయారైనది. దానిని ఒక ప్రదర్శనకు పిలిచిరి, శాలువ కప్పిరి, ఫొటో తీసిరి, సర్టిఫికెట్టు నిచ్చిరి. ఆ సర్టిఫికెట్టు నేడు ఆ షాపులో వెల్డింగు పొగకు పచ్చబడి గోడనున్నది. అటుపిమ్మట రెండు వానకాలములు గడచినవి. గొట్టములు మాత్రము నాలుగు దాటలేదు. ఒకటి చేయుటకు కావలసినది తెలివి. నూరు చేయుటకు కావలసినది అచ్చు, సరకు, సరకుకు పెట్టుబడి, పరీక్షాపత్రము, బిల్లు, అన్నిటికంటె ముఖ్యముగ, కొనువాడు. ఒకటికీ నూటికీ నడుమనున్న ఈ ఎడమునుగూర్చియే, అందు ప్రభుత్వము చేయుచున్నదానిని, చేయవలసినదానినిగూర్చియే నేడు నాలుగు మాటలు విన్నవింపదలచితిని.

ఈ ఎడమును దాటి ఆవలిగట్టు చేరినవారు మనలో లేకపోలేదు. ఆలేరు దగ్గరి శారాజీపేట వాస్తవ్యుడు చింతకింది మల్లేశముగారి పేరు వినని చేనేతకుటుంబము తెలంగాణములో నుండదు. పోచంపల్లి చీరకు చిటికి కట్టి రంగు లద్దుటకు మునుపు, పేకదారమును అర్ధచంద్రాకారపు చట్టమున మేకులచుట్టు త్రిప్పుటను ఆసు పోయుట యందురు. ఒక్క చీరకు చేయి దాదాపు 9 వేల మారులు ఇటునటు ఆడవలెను. దినమునకు రెండు చీరల ఆసు పోసిన ఇల్లాలి చేయి 18 వేల మారులు ఆడినట్లు. మల్లేశముగారి తల్లి లక్ష్మిగారు ఆ పనిలో రెట్ట పట్టుకొనిపోయి బాధపడుచుండగ చూచి, బడి సగములోనే మానిన ఆ యువకుడు 1992 ప్రాంతమున యంత్రమునకు పూనుకొనెను. చేతనున్నది ఖర్చయ్యెను, అప్పులాయెను, ఊరివారు నవ్విరి. చివరకు హైదరాబాదు చేరి విద్యుత్పనులు చేసికొనుచు, బాలానగరులో ఒక కర్మాగారమున ఏదో యంత్రపు కదలికను చూచిన దినమున, ఏండ్లతరబడి చిక్కుముడిగ నుండిన ఒక్క భాగము విడివడెను. 1999లో యంత్రము పూర్తియయ్యెను. దానికి తల్లి పేరు పెట్టి లక్ష్మీ ఆసుయంత్ర మనెను. గంటలతరబడి సాగు ఆసు గంటన్నరలో ముగియసాగెను. 2017లో పద్మశ్రీ వచ్చెను. 2019లో ఆయన కథ సినిమాగ వచ్చెను.

సినిమా 1999తో ముగిసినను నష్టము లేదు. కాని వ్యాపారము ముగియదు. ప్రజలు చప్పట్లు కొట్టునది ఏడేండ్ల తపస్సునకు. నాకు ఆశ్చర్యము గొలుపునది ఆ తరువాతి కథ. ఇల్లు గడచుటయే కష్టమైన నేతగాడు యంత్రమును రొక్కమిచ్చి కొనజాలడు. కొను శక్తి యున్నవానికి ఆసు పోయు అవసరము లేదు. ఈ దేశమున పేదవాని శ్రమను తగ్గించుటకు పుట్టిన ప్రతి వస్తువునకును ఈ శాపము కలదు. నూలుచట్టముకడ నున్నదియే పత్తిచేనిలోను ఉన్నది.

అట్టివేళ తోడువచ్చినవి రెండు. మొదటిది పల్లె సృజన. సైన్యమున బ్రిగేడియరుగ పనిచేసి వచ్చిన పోగుల గణేశముగారు 2005లో స్థాపించిన ఆ స్వచ్ఛందసంస్థవారు శోధయాత్రలనుపేర ఊరూర కాలినడకన తిరిగి, కొలిమికడ, మగ్గముకడ, గొర్లదొడ్డికడ దాగియున్న పనితనమును వెదకి కాగితమునకెక్కింతురు. రెండవది జాతీయ నవకల్పన ప్రతిష్ఠానము. కేంద్రప్రభుత్వపు శాస్త్రసాంకేతికశాఖ అండతో 2000 సంవత్సరమున 20 కోట్ల రూపాయల మూలధనముతో గుజరాతులో ఏర్పడిన ఈ సంస్థ చేసిన పనులలో నాకు మిక్కిలి నచ్చినది 2003లో చిన్నపరిశ్రమల అభివృద్ధి బ్యాంకుతో కలసి 4 కోట్ల రూపాయలతో నెలకొల్పిన ఒక చిన్న నిధి. తాకట్టు లేదు, జామీను లేదు; ఒక సాదా ఒప్పందముపై సంతకము చేయించుకొని, యంత్రము చేయువానికి సొమ్మునిచ్చుట. కోట్లలో చూచిన నాలుగు ఒక లెక్క గాదు. కాని తాకట్టుపెట్టుటకు తన మెదడు దప్ప మరేమియు లేనివానిని నమ్మి అప్పివ్వవచ్చునని ప్రభుత్వసంస్థ యొకటి అంగీకరించుటయే గొప్ప.

ఇట్టి నమ్మకమును శాసనముగ చేసిన దేశమును పేర్కొనక తప్పదు. అమెరికాలో 1982లో ఒక చట్టము చేసిరి. పెద్దయెత్తున పరిశోధనకు సొమ్ము వెచ్చించు కేంద్రశాఖలన్నియు అందులో నిర్ణీతమైన పాలు చిన్నసంస్థలకే ఇవ్వవలెనని దాని తాత్పర్యము; ఆ పాలు క్రమముగ పెరిగి 3.2 శాతమునకు వచ్చినది. మెట్లు మూడు. మొదటి మెట్టున ఆలోచన నిలుచునా నిలువదా అని పరీక్షించుటకు కొద్ది సొమ్ము. నిలిచినచో రెండవ మెట్టున నమూనా తయారుచేయుటకు మరికొంత అధికము. మూడవ మెట్టున ఆ నిధినుండి దమ్మిడీ యివ్వరు. అచ్చట రావలసినవాడు కొనుగోలుదారు, ఆ కొనుగోలుదారు ప్రభుత్వశాఖయే కావచ్చును. మనదేశమున జీవసాంకేతికశాఖవారు 2005లో దాదాపు అదే పేరుతో ఒక పథకమును మొదలిడిరి. 2012లో అందుకై ప్రత్యేకసంస్థ వెలసి, తొలి ఆలోచనకు 50 లక్షల రూపాయలవరకు గ్రాంటు ఇచ్చుచున్నది.

మొదటి మెట్లను మనము చక్కగనే కట్టుకొన్నాము. హైదరాబాదులో 2015లో టి-హబ్, 2018లో స్త్రీలకై వి-హబ్, 2023లో నమూనాలు చేసికొనుటకు యంత్రములన్నియు ఒక్కచో నమర్చిన టి-వర్క్స్ వెలసినవి. రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్లువారు 2019 నుండి ఇంటింటా ఇన్నోవేటర్ అను పేర జిల్లా జిల్లాకును పిలుపునిచ్చి ఆగస్టు 15న ప్రదర్శనలు పెట్టించిరి. అవి అక్కరలేనివని నే ననను. శాలువ కప్పించుకొన్న నాటినుండి మా మెకానిక్కు భార్య ఆతని గొట్టములను పాత ఇనుపసామానుకు వేయుట మానినది, అదియొక మేలు. కాని మూడవ మెట్టు ఏది?

మూడవ మెట్టు ఎంతపని చేయునో చూపుటకు మన హైదరాబాదుననే ఒక నిదర్శనము కలదు. వరప్రసాదరెడ్డిగారు 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997 ఆగస్టులో హెపటైటిస్-బి టీకాను, దేశీయముగ జన్యుపునస్సంయోజన పద్ధతిని తయారైన తొలి టీకాను, విపణికి తెచ్చినది. అంతకుముందటి సంవత్సరమే ఏర్పడిన సాంకేతిక అభివృద్ధి మండలి ఆ చిన్నసంస్థకు అండయైనది. విదేశపు టీకా వందలరూపాయలకు అమ్ముడగుచుండగ ఇది సామాన్యునికి అందుబాటు వెలకు దిగినది. ఐనను ఆ సంస్థ నిలద్రొక్కుకొనుటకు ఆ అండతోబాటు తోడ్పడినది ప్రపంచ ఆరోగ్యసంస్థ యిచ్చిన యోగ్యతాపత్రమును, దానివెంట వచ్చిన యునిసెఫ్ వారి కొనుగోళ్లును. పెద్దసంచితో వచ్చి, వస్తువును పరీక్షించి, ఇన్ని లక్షల మోతాదులు కావలెనని అడుగువా డొకడుండెను.

ఈ సందర్భమున మా వరంగల్లు ముచ్చట ఒకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. నిజాము ప్రభుత్వము 1929లో కోటి రూపాయలతో పారిశ్రామికనిధి యొకటి ఏర్పరచినది; 1934లో వెలసిన ఆజంజాహి మిల్లు వంటి పెద్దపరిశ్రమలలో వాటాలు కొనుటయు, చిన్నవానికి అప్పులిచ్చుటయు దాని ఉద్దేశములు. మిల్లు పేరు నేటికిని వరంగల్లులో ప్రతివాని నోట నున్నది. ఆ నిధినుండి అప్పుపొందిన చిన్నవాడొక్కని పేరైనను నేను మా పెద్దలవలన వినలేదు. మరియు 1964లో మెక్లెలాండు అను అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు, హైదరాబాదులోని చిన్నపరిశ్రమల శిక్షణసంస్థతో కలసి, కాకినాడ వర్తకులకు కార్యదీక్షను నేర్పు తరగతులు నడపినాడు; సాధింపవలెనను కోరికను శిక్షణచే పెంచవచ్చునని ఆయన సిద్ధాంతము. లోకమంతట వ్యాపారశాస్త్ర గ్రంథములలో కాకినాడ పేరు అట్లు నిలిచినది. మంచిదే. కాని మా మొగుళ్లపల్లి మెకానిక్కునకు కోరిక తక్కువ యని నాకెన్నడును తోచలేదు.

తక్కువైనవి ఏవో చెప్పెదను. ఆతనితో నేను ఒక బ్యాంకునకు పోయితిని. అచ్చటి అధికారి మర్యాదస్థుడే. కుర్చీ వేయించి చాయ్ తెప్పించినాడు. "ఆటో కొంటానంటె రేపే ఇస్త. కిరాణం పెట్టుకుంటానన్నా ఇస్త. ఈ గొట్టానికి అమ్మకం ఎంతుంటదో ఏ లెక్క చూసి రాయాలె సార్?" అన్నాడు. ఆయన ప్రశ్నలో తప్పులేదు. ముద్రా అప్పులకును, పల్లెలో 25 నుండి 35 శాతమువరకు సబ్సిడీ వచ్చు ప్రధానమంత్రి ఉపాధికల్పన పథకమునకును, బ్యాంకు చూచు ఆధారము అమ్మకపు లెక్క తెలిసిన వృత్తి; ఇదివరలో లేని వస్తువునకు గతసంవత్సరపు అమ్మకము ఎక్కడినుండి వచ్చును?

సరే, వ్యవసాయశాఖ సబ్సిడీ జాబితాలో చేరినచో రైతులు తామే కొందురు గదా యనుకొంటిమి. ఆ జాబితాకు గుర్తింపుపొందిన కేంద్రములో పరీక్షించిన పత్రము కావలెను. దక్షిణదేశమునకు కేంద్రప్రభుత్వము నెలకొల్పిన యంత్రపరీక్షాకేంద్రము అనంతపురము జిల్లా గార్లదిన్నెలో నున్నది. మాకు 500 కిలోమీటర్ల దూరము. పరీక్ష వలదని నే ననను. చేనిలో విరిగి కూలీ చేయి కోసికొన్నచో ఎవరు బాధ్యులు? కాని ట్రాక్టరు కంపెనీకిని, నాలుగు గొట్టములు చేసిన వెల్డరునకును ఒకటే గుమ్మము పెట్టుట న్యాయముగ తోచదు. వరంగల్లు వ్యవసాయ పరిశోధనస్థానము మాకు 60 కిలోమీటర్లలోపే యున్నది. చేతిపనిముట్ల వరకైనను అట్టిచోటనే ఒక పంటకాలము చేనిలో నడపించి, ఉచితముగ పత్రమిచ్చు ఏర్పాటు చేసిన ఏమి పోవును?

ఇక పేటెంటు కథ విచిత్రము. వ్యక్తియైనచో ఆన్‌లైనులో దరఖాస్తు రుసుము 1,600 రూపాయలే. ఆ కాగితమును లాయరుచే వ్రాయించుటకగు వ్యయము దానికి ఎన్నోరెట్లు, అది వేరుమాట. మన 1970 నాటి చట్టముప్రకారము దరఖాస్తునకు ముందే వస్తువును బహిరంగముగ చూపినచో క్రొత్తదనము పోయినట్లు. కేంద్రప్రభుత్వము గెజెట్టులో ప్రకటించిన ప్రదర్శనలకు మాత్రము ఏడాది గడువు మినహాయింపు కలదు. కనుక రమ్మని పిలిచి శాలువ కప్పునప్పుడే, "అన్నా, దరఖాస్తు పెట్టినవా?" అని యడుగువాడొకడు ఆ వేదికపై నుండవలసియున్నది. మావాని నెవ్వరు నడుగలేదు. ఐ.టి.ఐ. మాస్టరునైన నేనును అడుగలేదు. ఆనాడు ముందువరుసలో కూర్చుండి చప్పట్లు కొట్టినవారిలో నే నొకడను. జర్మనీలో 1891 నుండియు ఇట్టి చిన్నచిన్న మెరుగులకు తక్కువకాలపు చిన్న పేటెంటు కలదు. మనకు లేదు. నాలుక యతికిన కొంగముక్కు, సీసాముక్క కిటికీ, ఇవి మహావిష్కరణములు గావు; కాని ఊరక తోచినవియు గావు.

కొనుగోలు మాటకు వచ్చెదను. కేంద్రప్రభుత్వశాఖలును సంస్థలును తమ సాలుసరి కొనుగోలులో 25 శాతము సూక్ష్మ, చిన్న సంస్థలనుండియే చేయవలెనని 2012 నాటి ఉత్తర్వును, తరువాతి సవరణయును చెప్పుచున్నవి. సరకందుకొన్న 45 దినములలో డబ్బు చెల్లింపవలెనని, లేనిచో రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతలు చక్రవడ్డీ కట్టవలెనని 2006 నాటి చట్టము శాసించుచున్నది. చట్టము పదునైనదే, కాని దానిని ఝళిపించిన చిన్నవానికి మరుసటి ఆర్డరు వచ్చునా యన్నది ఆతని భయము. పైగా ఆ 25 శాతములో కుర్చీలును, ఫైలు అట్టలును, యూనిఫారములును కొన్నను లెక్క సరిపోవును. క్రొత్తవస్తువునకు అందులో ప్రత్యేకముగ ఒక పాలు లేదు. నా మనవి ఇంతయే: ఆ ఇరువదియైదులో ఒక్కటైనను, విపణిలో ఇదివరలో లేని వస్తువు కొనుటకు విడిగ పెట్టవలెను. చెల్పూరులో విద్యుత్కేంద్రము, భూపాలపల్లిలో సింగరేణి గనులు మాకు దాపుననే యున్నవి; అవి కొను ఇనుపసామానునకు లెక్కలేదు. వ్యవసాయశాఖ మండలమునకు 20 గొట్టములు కొని, రైతువేదికలో నుంచి, అడిగినవారికి అద్దెకిచ్చి, ఏవి విరిగినవో ఏవి నిలిచినవో వ్రాసి మెకానిక్కునకు పంపినచో, ఆతనికి సొమ్మునకు సొమ్ము, పరీక్షకు పరీక్ష. బ్యాంకు అధికారి అడిగిన లెక్కకును అప్పుడు ఒక అంకె దొరకును. విరిగినవి ఐదో ఆరో యుండును. ఒక పెద్దసభకు వేయు షామియానా ఖర్చు అంతకు తక్కువ యుండదు.

ప్రభుత్వము పూనుకొనునంతవరకు ఊరు ఊరకుండలేదు. ఈ ఏడు మా మహిళాసమాఖ్యవారు పనిముట్లు అద్దెకిచ్చుటకై పది గొట్టములు కావలెనని అడిగిరి. సీసాముక్క కిటికీని పరీక్షించి చూచిన పెద్దామెయే ఆ మాట ముందుగ సంఘములో ఎత్తినదట. మెకానిక్కు ఆ రాత్రియే పైపులు కొలిచి సుద్దతో గీతలు పెట్టినాడు. మరునాడు సమాఖ్య లెక్కలు వ్రాయు అమ్మాయి వచ్చి, "పైసలు ఖాతాలనే ఏస్తం, గని బిల్లు కావాలె అన్నా" అన్నది. బిల్లుబుక్కు ఆతనికి ఏనాడును లేదు; గేట్లకు ట్రాలీలకు లెక్క గోడమీది సుద్దగీతయే.

ఇద్దరమును నా స్కూటరుపై పరకాల పోయితిమి. ప్రింటింగు ప్రెస్సు యజమాని కళ్లద్దములు సవరించుకొని, షాపు పేరు, ఊరు, ఫోను నంబరు వ్రాసికొని, "నంబర్లు ఎక్కడికెళ్లి మొదలువెట్టమంటవు? ఒకటి నుంచేనా?" అని యడిగినాడు.

మావాడు నావైపు ఒకసారి చూచి, గొంతు తగ్గించి చెప్పినాడు. "వద్దన్నా. నూటొకటి నుంచి ఏయి."